నరసప్ప కొట్టని బంటు

మా ఏలూరులో దేశం మొత్తానికి మొట్టమొదటి చదరంగం పోటీ జరిగిందని మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మా ఊరివాణ్ణి ఎవరినైనా కదిపి చూడండి, మీ రైలు తప్పిపోయేదాకా చెబుతాడు. ఆ పోటీలో నేనూ పాల్గొన్నాను. పాల్గొన్నానంటే, ఆటగాళ్ళకు మజ్జిగ అందించాను. అంతమంది పెద్దమనుషులు గంటల తరబడి మాట్లాడకుండా కూర్చోవడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇంట్లో ఏదైనా చావు కబురా అని వీధిన పోయేవాళ్ళు ఆగి అడిగేవారు.

చివరికి ఇద్దరు సమానంగా నిలిచారు. ఒకరు మన ఆంధ్రులు, మరొకరు మరాఠీ ఆయన. ఇద్దరినీ విజేతలుగా ప్రకటించి, చప్పట్లు కొట్టి సాగనంపారు. అంటే మన దేశపు చదరంగం పోటీల చరిత్ర మొదలవడమే ఒక సింహాసనం మీద ఇద్దరు రాజులతో మొదలైంది. ఈ ముక్క చెప్పలేక రాయలసీమలో ఊరూరా తంటాలు పడతానని నాకు అప్పుడు తెలియదు.

పోటీ అయ్యాక మా ఊళ్ళో ఒక చదరంగ సంఘం పుట్టింది. సభ్యులు నాతో కలిపి పదకొండుమంది, అందులో ఏడుగురు కార్యదర్శులు. రెండో పోటీ రాబోతోందని తెలిసి వాళ్ళు ఒక తీర్మానం చేశారు. రాజధాని కర్నూల్లో ఉండగా కర్నూలు, కడప జిల్లాల నుంచి ఒక్క ఆటగాడైనా లేకపోతే చూసేవాళ్ళకు బాగుండదు. కాబట్టి రెండు జిల్లాలకూ కలిపి ఒక్క చోటు. అటు ఒకణ్ణి, ఇటు ఒకణ్ణి వెతికి, సంఘం నియమాల ప్రకారం ఒకే ఒక్క ఆట ఆడించి, ప్రతి ఎత్తూ కాగితం మీద రాసి, గెలిచినవాడి పేరు పట్టుకు రావాలి. వేసవి సెలవుల్లో ఖాళీగా దొరికిన డ్రాయింగు మేష్టర్ని నేనొక్కణ్ణే. నా చేతిలో పన్నెండు పేజీల నియమాల పుస్తకం పెట్టి రైలెక్కించారు. మే నెలలో రాయలసీమకు పంపారంటేనే వాళ్ళకు నా మీద ఎంత అభిమానమో తెలుస్తోంది.

కర్నూలు: గుడారాల్లో సర్కారు

రాజధాని అంటే మేడలూ మిద్దెలూ అనుకుని దిగాను. కర్నూల్లో కచేరీలు కొన్ని గుడారాల కింద నడుస్తున్నాయి. ఫైళ్ళు గాలికి పోకుండా వాటి మీద రాళ్ళు పెట్టుకున్నారు. రాజధాని హైదరాబాదుకు పోతుందని ఊరంతా చెప్పుకుంటున్నారు. "గుడారమే గదా సార్, మడిచి సంకలో పెట్టుకుంటే సరి" అన్నాడు ఒక గుమాస్తా, తానేదో సర్కసు కంపెనీలో ఉద్యోగి అయినట్టు. ఎండిన తుంగభద్రను చూసి, కాలువల దేశం వాణ్ణి కదా, జాలిపడదామనుకున్నాను. కానీ ఆ ఎండలో జాలి కూడా చెమటై కారిపోయింది.

ఉదయం ఫలహారానికి ఉగ్గాని పెట్టారు. మా వైపు మరమరాలంటారే, వాటినే ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పుట్నాల పొడీ వేసి తిరగమోత పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. రెండణాలకు విస్తరాకు నిండా పెట్టారు. మరమరాలు ఏడ్చే పిల్లల నోరు మూయించడానికి తప్ప పనికిరావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రెండోసారి పెట్టించుకున్నాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. బజ్జీల గురించి మాత్రం ఏమీ చెప్పలేను, మొదటిది కొరికాక కళ్ళ నీళ్ళలో మిగతావి కనపడలేదు.

ఆటగాళ్ళ సంగతి అడిగితే అందరూ ఖాదర్ సాహెబు టీ అంగడి చూపించారు. తెల్లగడ్డం, పెద్ద పొట్ట, ఎదుట బల్ల మీద ఎర్రదారంతో గళ్ళు కుట్టిన గుడ్డ. నలుపూ తెలుపూ గళ్ళు లేవు, అన్నీ ఒకే రంగు.

"యాడి నుంచి వస్తాండావప్పా?"

ఏలూరన్నాను.

"ఓహో, పోటీ జరిగిండే ఊరా! గెల్చినోడు ఎవురు?"

"ఇద్దరు గెలిచారు."

"ఇద్దరు గెల్చేదేందప్పా? అయితే ఓడినోడు ఎవురు?"

"ఇద్దరూ సమానంగా నిలిచారండి."

"ఇద్దరూ గెల్చలేదను, సక్కగా చెప్పు" అని సాహెబు కాయలు పేర్చాడు.

ఆట సగంలో ఆయన రాజుకు షా, అదే చెక్, చెప్పడానికి నా మంత్రిని సిద్ధం చేసుకున్నాను. ఆయన రాజు గుర్రంలా ఎగిరి మూల దాటేశాడు. నేను లబోదిబోమని నియమాల పుస్తకం నాలుగో పేజీ తెరిచాను. సాహెబు పుస్తకాన్ని మర్యాదగా అందుకుని, దానితో పొయ్యి విసురుకుని, మర్యాదగా తిరిగిచ్చాడు.

"ఈడ రాజు ఒకసారి గుర్రమెక్కుతాడు సాబ్. మీ దేశంలో నడిచే పోతాడా?"

ఇక్కడి ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుందనీ, చివరి గడికి చేరితే తాను నడిచిన బాటలో ఉండే కాయగానే మారుతుందనీ కూడా ఆ పూటే తెలిసింది. పల్లెటూరి ఆట అని మనసులోనే కొట్టిపారేశాను. కొట్టిపారేస్తూనే మూడు ఆటలు ఓడిపోయాను.

"ఆటగాడు కావల్లంటే కోయిలకుంట్లకు పో" అన్నాడు సాహెబు టీ గ్లాసు అందిస్తూ. "నరసప్పని ఉండాడు. గనిలో నాపరాళ్ళు తీస్తాడు. ఆయప్ప చేతిలో పద్నాలుగేండ్లుగా ఓడిపోతాండా. ఇంగా అలవాటు కాలేదు."

కోయిలకుంట్ల: రాతి మీద గీసిన గళ్ళు

మా వైపు ఇల్లు కట్టాలంటే ఇటుక, సున్నం, తాటాకు, పెంకు, నాలుగు రకాల తగాదాలు కావాలి. ఇక్కడ అన్నింటికీ నాపరాయే. నేల మీద నాపరాయి, కప్పు నాపరాయి, చేనికి కంచె నాపరాయి. నల్లరేగడి నేల ఎండకు నోళ్ళు తెరుచుకుని ఉంది. ఆ పగుళ్ళలో నా కుడికాలి చెప్పు ఒకటి దిగబడి తెగింది. మిగిలిన ఎడమకాలి చెప్పుతోనే గని దాకా కుంటుకుంటూ పోయాను. దారిలో కలిసిన ఇద్దరు ముసలివాళ్ళు నా కాలికి ఏమైందని అడిగి, ఆకుపసరు వైద్యం కూడా చెప్పారు.

నరసప్పకు నలభై దాటి ఉంటాయి. కనుబొమల మీద రాతి పొడి, మోచేతుల దాకా రాతి పొడి. మధ్యాహ్నం పని ఆపి, నీడలో ఒక బండ మీద ఉలితో గీసిన గళ్ళ ముందు కూర్చుని ఉన్నాడు. నేను "నరసప్ప గారూ" అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

"గారు గీరు యాలప్పా, ఒట్టి నరసప్పనే. కూచో. బువ్వ తినింటివా?"

ఈ ఊళ్ళలో ఆటకైనా పోట్లాటకైనా ముందు ఆ ప్రశ్న వేస్తారు. జొన్నరొట్టె, ఊరుబిండి అనే శెనక్కాయల పచ్చడి, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. మా వైపు అతిథికి విస్తరి ముందు పీట వేస్తారు, ఇక్కడ చేతిలోనే రొట్టె పెట్టి దాని మీదే కూర వేస్తారు. కడగాల్సిన గిన్నెలు లేవు. ఈ పద్ధతి మా ఇంట్లో చెప్పాను, ఇంకా అమలు కాలేదు.

తింటూనే ఆడాం. ఆయన కుడిచేత్తో రొట్టె, ఎడమచేత్తో కాయలు. నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను. మంత్రితో ఆట కట్టే అవకాశం వచ్చినా ఆయన కట్టలేదు. ఇంకో నాలుగు ఎత్తులు సాగదీసి, ఒక బంటును మెల్లగా నడిపించి తెచ్చి, దానితో నా రాజును కట్టాడు.

"మంత్రితో ఎవురైనా కడతారు. బంటుతో కట్టల్ల. అదీ ఆట" అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. కడపలో ఒకరితో ఒక్క ఆట, గెలిస్తే దేశపు పోటీకి. ఆయన రొట్టె నమలడం ఆపేశాడు. గెలిచినవాళ్ళ సంగతి ఈయనా అడిగాడు. ఇద్దరని చెప్పాను.

"సగం సగమా? నాకైతే సగం వద్దప్పా. అయితే పూర్తిగా గెల్చల్ల, లేకుంటే ఓడల్ల" అన్నాడు. చేతులు దులుపుకుని మళ్ళీ అందుకున్నాడు. "ఈడ నన్ను ఓడగొట్టేటోళ్ళు లేరు. మా నాయిన ఉన్నన్నాళ్ళు ఆయప్ప చేతిలో ఓడిపోతాంటి. ఆయన పోయి పదేండ్లాయె. నన్ను ఓడగొట్టేటోడు యాడన్నా ఉండాడేమో చూడల్లని శానా ఉండాది. ఓడిపోయేదానికి కూడా ఊరు దాటి పోవల్సి వచ్చె సూడు."

ఆ మాట విన్నాక నాకు ఈయనే గెలవాలనిపించింది. నేను రెండు పక్షాలకూ మధ్యవర్తిని, అలా అనిపించకూడదు. అనిపించింది. మర్నాడు బస్సు దగ్గర గనివాళ్ళంతా ఆయనకు బంతిపూల దండ వేశారు. ఇంకా ఏమీ గెలవలేదు కదా అంటే, దండ వాడిపోయేలోగా గెలుస్తాడులే అన్నారు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు: బస్సులో బడి

కోయిలకుంట్ల నుంచి కడప దాకా ఒకటిన్నర రోజు బస్సుల్లో కూర్చుని ఆయనకు సంఘం నియమాలు నేర్పాను. పలక మీద గళ్ళు గీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాం. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా నా సైన్యం అంతా నేలకూలేది. జమ్మలమడుగు చేరేలోగా నా గుర్రం ఒకటి బస్సు అడుగుచెక్క సందులోంచి రోడ్డు మీదికి పారిపోయింది. దాని బదులు పక్క సీటామె మూటలోంచి ఒక చింతగింజ ఇచ్చింది. ఇచ్చినందుకు ఆట మొత్తం ఆవిడకూ వివరించాల్సి వచ్చింది.

బంటు మొదటిసారి రెండు గడులు దూకవచ్చని చెప్పాను. "తొందరెక్కువ మీ బంట్లకు" అన్నాడు. రాజూ ఏనుగూ చోట్లు మార్చుకోవచ్చన్నాను. "రాజు ఏనుగు సాటున దాక్కొంటాడా? పోనీలే" అన్నాడు. ఏ బాటలో నడిచిన బంటైనా చివరికి చేరితే మంత్రి కావచ్చన్నాను. ఇది మాత్రం ఆయనకు నచ్చింది. "మంచి సర్కారప్పా మీది" అన్నాడు. ఒక్కసారి చెబితే చాలు, రెండోసారి తప్పు చేయలేదు. ప్రొద్దుటూరులో దిగి సోడా తాగేటప్పటికి ఆ నియమాలతోనే నన్ను చిత్తుగా ఓడించడం మొదలుపెట్టాడు.

"ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగాడు.

పుస్తకం పన్నెండు పేజీలూ తిరగేసి చూశాను. "అంతే. ఇంకేమీ లేదు" అన్నాను. అప్పటికి నా అంతటి గురువు లేడన్నంత గర్వంగా ఉంది నాకు.

కడప: ప్లీడరు గారి వసారా

కడప జిల్లాలో ఆటగాడెవరంటే అందరూ చెప్పిన పేరు ప్లీడరు శేషయ్య గారు. మద్రాసు నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదరంగం నేర్చుకున్న మనిషి. కాయలు కదిపేటప్పుడు కూడా కోర్టులో వాదిస్తున్నట్టు గొంతు సవరించుకుంటారు. మంచాయన. మాకు ఓలిగలు పెట్టించారు, మా వైపు బొబ్బట్లంటారే అవి. నెయ్యి గిన్నె మా మధ్యన పెట్టి ఎంత కావాలో అంత పోసుకోమన్నారు. మా ఊళ్ళో నెయ్యి గిన్నె ఇంటావిడ చేతిలోంచి కదలదు.

మర్నాడు ఉదయం వసారాలో ఆట. ఊళ్ళో ముసలి ఆటగాళ్ళు పదిమంది చుట్టూ చేరారు. తొమ్మిదో నియమం గట్టిగా చదివి వినిపించాను. ఆట సాగుతుండగా పక్కనున్నవారు నోరు మెదపరాదు, మెదిపితే ఆట చెల్లదు. ఆ నియమం అందరికన్నా ఎక్కువ నన్నే కట్టేస్తుందని చదివేటప్పుడు తోచలేదు.

రెండు గంటలకు ప్లీడరు గారి సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. ఆయనకు మిగిలింది రాజు, ఒక్క బంటు. ఆ బంటు పుట్టిన గడిలోంచి కదలనైనా లేదు. నరసప్పకు రాజు, ఏనుగు, గుర్రం, రెండు బంట్లు ఉన్నాయి. ఆయన ఏనుగు ఆ ఒంటరి బంటుకు ఎదురుగా నిలబడి ఉంది, మధ్యలో అడ్డం లేదు. కొడితే అయిపోయింది. నేను మనసులో ఆయన పేరు కాగితం మీద రాసేశాను కూడా.

ఎత్తు నరసప్పది. ఏనుగును ముట్టుకోలేదు. తన బంటును ఒక గడి ముందుకు జరిపాడు.

ప్లీడరు గారు గొంతు సవరించుకుని తన బంటును రెండు గడులు దూకించారు. నరసప్ప కనుబొమలు కదిలాయి. పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకున్నాడు. తరువాత కూడా కొట్టలేదు. ఆ బంటు ఇంకా రెండుసార్లు ఏనుగు నోటికి అందింది. రెండుసార్లూ వదిలేశాడు. ప్లీడరు గారు ఇందులో ఏదో పన్నాగం ఉందని భయపడి చెమటలు తుడుచుకున్నారు. నేను పంచె అంచు నోట్లో కుక్కుకున్నాను. వింతేమిటంటే చుట్టూ ఉన్న ముసలివాళ్ళెవరికీ ఆశ్చర్యం లేదు. అందరూ సరేనన్నట్టు తలలూపుతున్నారు.

నరసప్ప బంటు ఆట కట్టడానికి ఇంక ఒక్క ఎత్తు ఉందనగా ప్లీడరు గారి బంటు చివరి గడి చేరి మంత్రి అయింది. అవుతూనే రాజుకు షా. మరుసటి ఎత్తులో ఏనుగు పోయింది. ఆపైన ఆట పావుగంట కూడా సాగలేదు.

ప్లీడరు గారే ముందు నోరు తెరిచారు. "నరసప్పా, ఆ బంటును ఎందుకు కొట్టలేదయ్యా? మూడుసార్లు నీ చేతికొచ్చింది."

"కొడితే నీకు ఒట్టి రాజు మిగులుతాడు గద సామీ. ఆట బుర్జు అయిపోతాది."

బుర్జు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళ ఆటలో ఎదుటివాడి కాయలన్నీ కొట్టేసి రాజును ఒంటరిగా మిగిలిస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ పూర్తిగా గెలిచినట్టు కాదు. అందుకే చివరి కాయను ఎవరూ కొట్టరు. దాన్ని బతకనిచ్చి, అదుండగానే రాజును కట్టాలి.

"సరిగ్గానే ఆడినాడు. ఆ బంటు రెండు గడులు దూకె, ఆ ఒక్క ఎత్తులో దెబ్బ తిన్యాడు" అన్నాడు ఒక ముసలాయన.

"మా ఆటలో బుర్జు లేదు, నరసప్ప గారూ" అన్నాను.

"లేదా?" నా ముఖంలోకి చూశాడు. "నువ్వు చెప్పలేదే."

నిజమే, చెప్పలేదు. బుర్జు అనే మాటే ఎరగని పుస్తకంలో బుర్జు లేదని ఎందుకుంటుంది? ఒకటిన్నర రోజు నా ఆట ఆయనకు నేర్పానే తప్ప, మీ ఆట ఏమిటని ఒక్కసారి అడగలేదు. పల్లెటూరి ఆట కదా. నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నా సిగ్గేస్తోంది.

ప్లీడరు గారు మళ్ళీ ఆడదామన్నారు. సంఘానికి తెలియనక్కర్లేదు, నేను కాగితం చించేస్తానన్నాను. నరసప్ప ఒప్పుకోలేదు.

"ఓడింది ఓడిందే. ఓడేదానికి ఊరు దాటి వస్తి, ఓడితి" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఎత్తులు రాసిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు. "దీన్ని మీ ఊర్లో పెద్ద ఆటగాళ్ళు సూస్తారా?"

చూస్తారన్నాను.

"అయితే ఒక మాట రాయప్పా. నేను పోకపోయినా పాయె. ఆ బంటు నాకు కనపడలేదనుకొంటారు వాళ్ళు. కనపడక కాదు, కొట్టకూడదని కొట్టలేదని రాయి."

కాగితం అంచున ఆ మాట ఆయన చెప్పినట్టే రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. రెండోసారి కూడా వినిపించమన్నాడు. తరువాత కోయిలకుంట్ల వైపు బస్సెక్కి, కిటికీలోంచి "ఊరు చేరినంక బువ్వ తిను" అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఏలూరు: తీర్మానం

సంఘం సమావేశంలో ప్లీడరు గారి పేరు ఖాయమైంది. ఆట కాగితాన్ని కార్యదర్శి ఒకాయన బల్ల మీద కాయలు పేర్చి ఆడి చూపించారు. ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి గది గదంతా నవ్వింది. ఇంత ఆడినవాడికి ఎదురుగా ఉన్న బంటు కనపడలేదా అని ఒకరు, రాళ్ళ దుమ్ము కళ్ళలో పడిందేమో అని ఒకరు. అంచున రాసిన మాట చూపించాను. ఓడినవాడు ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతాడన్నారు. బుర్జు సంగతి వివరించాను. అది చదరంగం కాదన్నారు. సంఘం చరిత్ర పుస్తకంలోకి ఆటను ఎక్కించేటప్పుడు "ప్రత్యర్థి బంటును గమనించనందువల్ల ఓటమి" అని రాశారు. ఆ మాట తీసేసి నరసప్ప మాట పెట్టాలని నేను ప్రతిపాదించాను. ఓట్లు తీసుకున్నారు. పదిమంది వ్యతిరేకం, ఒకరు అనుకూలం. ఆ ఒకరు నేనే.

రెండో పోటీ జరుగుతుంది, మూడోదీ జరుగుతుంది. గెలిచినవాళ్ళ పేర్లు వరుసగా పుస్తకాల్లోకి ఎక్కుతాయి, ఎక్కవలసిందే. నరసప్ప పేరు మా సంఘం పుస్తకంలో ఒకే ఒక్క చోట ఉంటుంది, కళ్ళు కనపడనివాడిలాగా. ఆ పుస్తకం మా కార్యదర్శుల బీరువాలో ఉంది, దాన్ని నేను దిద్దలేను. ఈ కథనం నా చేతిలో ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ బంటు ఆయనకు కనపడింది. మూడుసార్లు కనపడింది. కొట్టకూడదని కొట్టలేదు.